చలిగదిలో నీలం కోటు

కత్తెర బాబాయ్ ఒకసారి ఒక ప్రోటీన్‌ని తిట్టి పని మాన్పించాడు. అదేమీ దారినపోయే ప్రోటీన్ కాదు, కట్టుకున్న భార్య రక్తంలో ఉన్నది. "ఇక చాలు, కూర్చో" అన్నాడు. అది కూర్చుంది. ఏళ్ళ తరబడి మళ్ళీ లేవలేదు.

సరే, సరే, ఆ కనుబొమలు కిందికి దించండి. తిట్టిన మాట మాత్రం నిజం. ఆవిడ రక్తం ఉన్న గాజుగొట్టం వెలుతురుకి ఎత్తిపట్టి, ల్యాబ్‌లో నలుగురూ చూస్తుండగానే తిట్టాడు. కూర్చోబెట్టింది ఆవిడ రోజూ పొద్దున్నే మింగే మాత్ర. కాకపోతే తిట్టూ మాత్రా ఒకే వారంలో మొదలయ్యాయి కాబట్టి, అందులో ఎవరి వాటా ఎంతో తేల్చడం కష్టం.

బాబాయ్ పనిచేసే ల్యాబ్ పెద్దాసుపత్రి వెనకాల ఉంది. ముందువైపు నుంచి వచ్చేవాళ్ళకి అది కనిపించదు. ఉతికిన దుప్పట్లు ఆరేసే వరండా దాటి, పాత మంచాలు పేర్చిన గోడ పక్కనుంచి వెళ్తే ఇనుప మెట్లు వస్తాయి. పైన పొడుగాటి గది, దాని చివర చలిగది. చలిగది అంటే మనిషి లోపలికి వెళ్ళి నిలబడగలిగే ఫ్రిజ్ అనుకోండి. ప్రోటీన్లు వేడికి పాడైపోతాయి, అందుకని వాటితో పని ఉన్నవాళ్ళు అందులోకి వెళ్ళి చేసుకోవాలి. తలుపు పక్కన మేకుకి ఒక కోటు వేలాడుతుండేది. ఎవరు లోపలికి వెళ్తే వాళ్ళు వేసుకోవాలి. మోచేతులు చిరిగి, బొత్తాలు ఊడి, ఏ రంగుదో కూడా మరిచిపోయిన కోటు. ఎవరి సొత్తూ కాదు కాబట్టి ఎవరూ కుట్టించరు.

బాబాయ్ జేబులో ఎప్పుడూ చిన్న కత్తెర ఉండేది. ఆయన పేరు ఏనాడో ఆ కత్తెర తినేసింది. జీతం ఇచ్చే గుమాస్తా కూడా "ఏం కత్తెరా, సంతకం పెడతావా?" అనేవాడు. ఆ కత్తెరతో ఆయన చేసే పని చూడ్డానికి ఏమంత కాదు. ఎక్స్‌రే ఫిల్మ్ మూల కోయడం.

ఆ ల్యాబ్‌లో పని అంతా కైనేజ్ అనే దాని చుట్టూ తిరుగుతుంది. మన ఒంట్లో ప్రతి కణంలోనూ రకరకాల ప్రోటీన్లు ఉంటాయి. వాటిలో కొన్నిటికి రెండు దోసిళ్ళు ఎదురెదురుగా పట్టినట్టు ఒక మడత ఉంటుంది. మధ్యలో చిన్న సందు. ఫాస్ఫేట్ మోసుకొచ్చే అణువొకటి ఆ సందులో వచ్చి కూర్చుంటుంది. దాని దగ్గర్నుంచి ఒక ఫాస్ఫేట్ ఊడదీసి ఇంకో ప్రోటీన్‌కి అంటించడమే ఆ మడత పని. అంటించుకున్నది నిద్ర లేచి, ఇంకోదాన్ని లేపుతుంది. అలా కబురు కణం పొర దగ్గర్నుంచి నట్టనడుమ దాకా పోతుంది. పెరుగు, ఆగు, రెండుగా చీలు, ఇలాంటివే ఆ కబుర్లు.

ఈ సంగతి బాబాయ్ మొదటిసారి ఇంట్లో చెప్పినప్పుడు ఆయన భార్య చేతిలో ఇస్త్రీపెట్టె ఆపి విన్నది. వీధిలో అందరూ ఆవిణ్ణి రేడియో అక్క అనేవాళ్ళు. కారణం వేరే చెప్పనక్కర్లేదు.

"అంటే ఒకింట్లో మాట తీసుకెళ్ళి ఇంకో ఇంట్లో అంటించి రావడమేగా?" అంది.

"అంతే అనుకో."

"దానికింత చదువెందుకండీ? నన్నడిగితే చెప్పేదాన్ని కాదూ!"

ల్యాబ్‌లో వాళ్ళు చేసేది ఆ అంటింపుని పట్టుకోవడం. మామూలు ఫాస్ఫేట్ బదులు, చీకట్లో ఫిల్మ్ మీద నల్లటి మచ్చ వదిలే రకం ఫాస్ఫేట్ ఇస్తారు. కైనేజ్ దాన్ని తీసి అంటిస్తుంది. తర్వాత ప్రోటీన్లని పల్చటి జెల్ పలకలో కరెంటుతో పరిగెత్తించి, ఆ పలకని ఎండబెట్టి, దాని మీద ఫిల్మ్ పరిచి, వెలుతురు చొరబడని డబ్బాలో మూసిపెడతారు. మచ్చ నల్లగా పడితే కైనేజ్ పనిచేస్తోందని. మచ్చ చెరిగిపోతే కూర్చుందని.

చిక్కేమిటంటే, ఆ ఫిల్మ్‌కి ముందూ వెనకా ఒకటే. బయటికి తీశాక కుడి ఏదో ఎడమ ఏదో దాన్ని చూసి బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. అందుకే జెల్‌కీ ఫిల్మ్‌కీ ముందే పై కుడిమూల కోసిపెట్టాలి. చీకటిగదిలో కోసిన మూలల్ని ఒకదాని మీద ఒకటి కలపాలి.

కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ బాబాయ్ రెండే ముక్కలు చెప్పేవాడు. "ముందు మూల కొయ్యి. ఫిల్మ్ వచ్చాక ముందు తెలిసినదాన్ని చూడు, తర్వాతే తెలియనిదాన్ని." ఏ పరీక్షలోనైనా ఒకవైపు తెలిసిన నమూనా పెడతారు, దాని నడత అందరికీ ఎరుకే. అది సరిగ్గా వస్తేనే రెండోవైపు చూసే హక్కు ఉన్నట్టు.

"బాబాయ్, మీ పెళ్ళి ఫోటోకి కూడా మూల కోశారటగా?" అని ఏడిపించేవాళ్ళు.

అది నిజమే. ఇంట్లో గోడ మీద ఉండేది, పై కుడిమూల లేకుండా. "తిరగేస్తే పెళ్ళికూతురు ఎవరో తెలియదని భయం కాబోలు" అని రేడియో అక్క వచ్చిన వాళ్ళందరికీ చూపించేది.

ఆయనకి ఇంకో అలవాటు ఉంది. జెల్‌లో వరసలు పెట్టేటప్పుడు, మందు వెయ్యని రెండింటినీ నట్టనడుమ పక్కపక్కన పెట్టేవాడు. అక్కణ్ణుంచి ఎడమవైపు తెలిసిన నమూనా, కుడివైపు తెలియని నమూనా, రెండువైపులకీ మందు పెంచుకుంటూ అంచుల దాకా. పక్కపక్కనుంటే పోల్చి చూడ్డం తేలికని ఆయన లెక్క. ల్యాబ్ నడిపే మేడమ్ మొదట్లో, "అద్దంలో చూసుకున్నట్టుందేంటి బాబాయ్ ఇది?" అంది. తర్వాత ఆవిడకీ అలవాటైపోయింది.

రేడియో అక్కకి జబ్బు చేసింది మధ్యవయసులో. తెల్లకణాలు చెరువుకి గండిపడ్డట్టు పొంగుకొచ్చాయి. డాక్టరమ్మ చెప్పిన జబ్బు పేరు బాబాయ్‌కి కొత్తది కాదు. అది ఆయన ల్యాబ్‌లో రోజూ చూసే జబ్బే. రెండు వేర్వేరు ప్రోటీన్ల ముక్కలు పొరపాటున అతుక్కుపోయి, కైనేజ్‌కి ఉండాల్సిన బ్రేకు ఊడిపోతుంది. ఇక అది ఊరుకోదు. "చీలు, చీలు" అని కబుర్లు అంటిస్తూనే ఉంటుంది.

"నోరు మూతపడని రేడియో అన్నమాట" అంది ఆవిడ. "మీరంతా నన్ను ఆ పేరు పెట్టి పిలిస్తే, నా ఒళ్ళు నిజమనుకుంది."

అదృష్టం బాగుండి దానికి మాత్ర ఉంది. అది వెళ్ళి సరిగ్గా ఆ సందులో కూర్చుంటుంది. ఫాస్ఫేట్ మోసుకొచ్చే అణువుకి చోటుండదు.

"బస్సులో సీటు మీద రుమాలు వేసి ఆపుకున్నట్టా?"

"అచ్చం అలాగే."

"మరి ఆ ఎక్కేవాడు రుమాలు తీసి అవతల పారేసి కూర్చుంటే?"

"ఇది అలా తీస్తే వచ్చే రుమాలు కాదే."

చాలా ఏళ్ళు రాలేదు కూడా. ఆ మాత్రతోనే పొద్దు మొదలు, ఆ మాత్రే భరోసా. ఆవిడ మళ్ళీ వీధి చివరి దాకా వెళ్ళి మూడిళ్ళ సంగతులు మోసుకొచ్చేది. ఆయన వింటున్నట్టు తలూపుతూ చెప్పులు తుడుచుకునేవాడు.

ఒక యేడు ఆవిడ మోచేతుల మీద ఊదారంగు మచ్చలు కనిపించాయి. తలుపుకి తగిలిందంది. తర్వాత బల్లకి తగిలిందంది. "ఈ ఇంట్లో సామానంతా నా మీద కక్షగట్టింది" అంది. బాబాయ్ నవ్వలేదు. రక్తపరీక్షలో తెల్లకణాలు పెరిగాయి. మళ్ళీ చూస్తే ఇంకా పెరిగాయి.

అప్పటినుంచే ఆవిడ కొత్త బట్ట ముట్టడం మానేసింది. పక్కవాటాలో బట్టలు కుట్టే దర్జీ వదిన ఉండేది. ఆవిడ దగ్గర నీలంరంగు మందపాటి బట్ట ఒకటి మిగిలిపోతే, "వచ్చే చలికి నీకు కోటు కుడతాను, రా కొలతలిద్దువుగాని" అని వారంవారం పిలిచేది. "వచ్చే చలి నాటికి నేనుండొద్దూ? పోయేదానికి కొలతలెందుకు వదినా?" అనేది రేడియో అక్క. నవ్వుతూనే అనేది. వినేవాళ్ళు ఎటు చూడాలో తెలియక కుట్టుమిషన్ వైపు చూసేవాళ్ళు.

డాక్టరమ్మ ఆవిడ రక్తం బాబాయ్ ల్యాబ్‌కే పంపింది. మాత్ర ఇంకా కైనేజ్‌ని ఆపుతోందా లేదా తేల్చమంది. ఆపుతుంటే మోతాదు పెంచొచ్చు, ఇంకా దారుంది. ఆపకపోతే అప్పట్లో ఇక చేతిలో పెద్దగా ఏమీ లేదు.

మేడమ్ ఆ గొట్టాన్ని తనే తీసుకుంది. "సొంతమనిషిది సొంతచేత్తో వద్దు బాబాయ్. నేను చేస్తాను."

"మీరు జెల్ పోసి ఎన్నేళ్ళైందో గుర్తుందా అమ్మా?"

"అంత మర్చిపోలేదులే."

"మీ చెయ్యి వణికితే నేనేం చెయ్యను? నా చెయ్యి వణికితే నాకు తెలుస్తుంది" అన్నాడు. ఆవిడ ఆయన మొహంలోకి చూసి గొట్టం ఇచ్చేసింది. మర్నాడు ఊళ్ళో లేకుండా ఏదో సమావేశానికి వెళ్ళాల్సి ఉంది. లేకపోతే ఇచ్చేది కాదేమో.

ఆయన చలిగదిలోకి వెళ్ళి, మేకు మీది చిరిగిన కోటు వేసుకుని, గంటలకొద్దీ పనిచేశాడు. జెల్ అద్దంలా వచ్చింది. ఎండబెట్టేటప్పుడు ఎడమ అంచున వెంట్రుకంత పగులు పడింది, అంతే. దానికేం కాదు. ఇక మిగిలింది చీకటిగది.

చీకటిగదిలో ఏం జరిగిందో ఎవరూ చూడలేదు. మసక ఎర్రదీపం ఒక్కటే సాక్షి. తర్వాత బాబాయ్ తన చేతుల్ని తనే ఎన్నోసార్లు విచారించి తేల్చుకున్నది ఇది. ఫిల్మ్ తీశాడు. మూల కోశాడు, సరిగ్గానే కోశాడు. జెల్ మీద పరచబోతూ కళ్ళు మసకబారితే తుడుచుకున్నాడు. తుడుచుకోవడానికి ఫిల్మ్‌ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాడు. అది తిరగబడింది. మూలలు కలిశాయో లేదో వేలితో తడిమి చూడ్డం ఆయనకి ఊపిరి తీసుకున్నంత అలవాటు. ఆ రోజు చూడలేదు. డబ్బా మూసేశాడు.

మర్నాడు సాయంత్రం ఫిల్మ్ కడిగే మిషన్ దగ్గర నిలబడ్డాడు. అది తడితడిగా బయటికొచ్చింది. కోసిన మూల పైకి, కుడికి పెట్టుకుని దీపానికి ఎత్తాడు. కళ్ళు నేరుగా కుడివైపుకి పోయాయి. నడిమిలో నల్లటి మచ్చ, పక్కది బూడిదరంగు, దాని పక్కది మసక, అంచు దగ్గర ఏమీ లేదు. తెల్లటి ఖాళీ. మాత్ర పనిచేస్తోంది. ఆపుతోంది.

ఎడమవైపు ఆయన చూడనే లేదు.

ఇంటికి నడిచాడో, ఎగిరాడో ఆయనకే గుర్తులేదు. తలుపు తీసిన ఆవిడతో చెప్పులైనా విప్పకుండా చెప్పాడు, "కూర్చుంది! అది కూర్చుందే! మోతాదు పెంచితే చాలు."

"ఏది కూర్చుంది? కాస్త ఊపిరి పీల్చుకుని చెప్పండి."

"నీ కైనేజ్. నీ రుమాలు పోలేదు, అక్కడే ఉంది. నా కళ్ళతో చూశాను."

ఆవిడ గోడకి ఆనుకుంది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆవిడ దగ్గర మాట దొరకని క్షణం అదొక్కటే. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, "మరి ఇంత మంచికబురు అలా చెప్పులతోనే చెప్తారా? వెనక్కెళ్ళి విప్పి, మళ్ళీ వచ్చి చెప్పండి" అంది.

ఆయన గుమ్మం దాకా వెళ్ళి, చెప్పులు విప్పి, మళ్ళీ వచ్చి చెప్పాడు. ఆవిడ మళ్ళీ చెప్పించుకుంది. ఆ పూట పక్కవాటా తలుపు తట్టి, "వదినా, రేపు కొలతలిస్తాను. జేబులు మాత్రం లోతుగా పెట్టాలి, ముందే చెప్తున్నా" అంది. తర్వాత వీధిలో కనబడ్డ ప్రతివాళ్ళకీ చెప్పింది. రేడియో చాలాకాలం తర్వాత పూర్తి గొంతుతో మోగింది. బాబాయ్ వరండాలో కూర్చుని విన్నాడు. తన నెత్తిన ఎవరో పాలు పోసినట్టుంది ఆయనకి.

పొద్దున్న మేడమ్ తిరిగొచ్చింది. సంచి బల్లమీద పెట్టకముందే, "ఎలా వచ్చింది?" అంది.

"ఆపుతోందమ్మా" అని ఫిల్మ్‌ని వెలుగుపెట్టె మీద పరిచాడు.

ఆవిడ ముందుకి వంగింది. ఆవిడ మొహంలో నవ్వు మొదలవ్వబోయి ఆగింది. "బాబాయ్, మరి మన తెలిసినదానికేమైంది?"

ఎడమవైపు మొదటినుంచి చివరిదాకా అంతా నలుపే. ఎంత మందు వేసినా చెక్కుచెదరని నలుపు. ఎన్నేళ్ళుగానో ఆ నమూనాని వాళ్ళు వాడుతున్నారు. మాత్ర తగిలితే చాలు, పెళ్ళిచూపుల్లో పిల్లలా తలదించుకునే నమూనా అది.

"పాడైపోయిందేమో" అన్నాడు బాబాయ్.

మేడమ్ ఎండిన జెల్ తెచ్చి పక్కన పెట్టింది. బాబాయే ఫిల్మ్ ఎత్తి, కోసిన మూల మీద కోసిన మూల కలిపి పరిచాడు. జెల్‌లో పగులు ఎడమ అంచున ఉంది. ఫిల్మ్ మీద ఆ పగులు గీసిన సన్నటి తెల్లగీత కుడి అంచున ఉంది.

ఫిల్మ్‌ని మెల్లిగా తిరగేశాడు. గీత పగులు మీద సరిగ్గా కూర్చుంది. ఎడమవైపు తెలిసినదంతా అంచుకి పోయేకొద్దీ బుద్ధిగా చెరిగిపోయింది. కుడివైపు, ఆవిడ వైపు, నలుపు. అంచు దాకా నలుపు.

"ఇంకోసారి చేద్దాం" అంది మేడమ్.

"చేద్దామమ్మా."

ఇద్దరికీ తెలుసు. తర్వాత చేశారు కూడా, మేడమ్ చేతుల మీదుగానే. అదే వచ్చింది. ఆ కైనేజ్ సందు గుమ్మంలో ఒక్క ఇటుక మారిందని కూడా ఆవిడ తేల్చింది. చిన్న ఇటుక ఉండాల్సిన చోట లావు ఇటుక వచ్చి కూర్చుంది. ఫాస్ఫేట్ తెచ్చే అణువు ఇప్పటికీ దూరగలదు. మాత్ర మాత్రం గుమ్మంలోనే తట్టుకుని పడిపోతుంది.

"డాక్టరమ్మకి నేను చెప్తాను" అంది మేడమ్. "ఇంట్లో కూడా నన్ను చెప్పమంటావా?"

"వద్దమ్మా. నేను చెప్పింది నేనే..." అని ఆగిపోయి, జేబులోంచి కత్తెర తీసి బల్లమీద పెట్టి బయటికొచ్చాడు. ఇనుప మెట్లమీద కాసేపు కూర్చున్నాడు. కింద ఎవరో తడి దుప్పటి దులిపి తీగమీద వేస్తున్నారు. చెప్పకుండా ఉంటే ఏమవుతుంది? డాక్టరమ్మ మోతాదు పెంచమనదు. ఇంట్లో ఆవిడ ఎందుకని అడుగుతుంది. ఆవిడ అడగకుండా ఊరుకునే మనిషా? ఇవాళ కాకపోతే రేపు. ఒక్కరోజు ఆగితే? ఆ ఒక్కరోజూ రేడియో మోగుతూనే ఉంటుంది కదా, ఇంకో పది గుమ్మాల దాకా. తర్వాత ఆ గుమ్మాలన్నీ ఎక్కి ఆవిడే వెనక్కి చెప్పుకోవాలి.

లేచి ఇంటిదారి పట్టాడు.

దర్జీ వదిన బాబాయ్ వాళ్ళింట్లోనే ఉంది. నీలంబట్ట బల్లమీద పరిచి ఉంది. సుద్దతో గీతలు గీసి ఉన్నాయి. రేడియో అక్క చేతులు చాచి నిలబడి, మెడలో కొలత టేపు దండలా వేసుకుని, ఎవరి గురించో చెప్తూ మధ్యలో ఉంది. "...వాడు తల దువ్వుకుంటాడే గాని వదినా, దువ్వెనకి దొరికేంత జుట్టు ఎక్కడుందీ..."

దర్జీ వదిన నవ్వుతూ పెద్ద కత్తెర తెరిచి బట్ట అంచుకి ఆనించింది.

"కొయ్యొద్దు" అన్నాడు బాబాయ్ గుమ్మంలోంచి.

ఇద్దరూ తిరిగి చూశారు. ఆయన కాళ్ళకి చెప్పులున్నాయి. ఆవిడ ముందు ఆ చెప్పులు చూసింది. తర్వాత ఆయన జేబు చూసింది. కత్తెర లేదు. అప్పుడు మొహం చూసింది. చాచిన చేతులు నెమ్మదిగా దించింది.

"ఫిల్మ్ తిరగబడింది" అన్నాడు. "నేనే తిప్పి పెట్టాను. నేను చూసింది నీది కాదు, రెండోవాళ్ళది. నేను ముందు తెలిసినదాన్ని చూళ్ళేదు. నేను అసలు..."

దర్జీ వదినకి ఫిల్మ్ సంగతి తెలియదు. కానీ కత్తెర మూసేసింది.

"చావు కబురు చల్లగా చెప్పడం కూడా రాదు మీకు" అంది రేడియో అక్క. స్టూలు మీద కూర్చుంది. కొలత టేపుని మెడలోంచి తీసి, వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది.

"నన్ను తిట్టు" అన్నాడాయన.

"తిడతాను లెండి. దానికేం తొందర. తిట్టకుండా పోతానా?"

"నిన్న నీకు అలా చెప్పకుండా ఉండాల్సింది."

"ఊహూఁ" అంది. ఈసారి నవ్వులేదు. "నిన్న సాయంత్రం నాకు బాగుంది. చాలా రోజుల తర్వాత బాగుంది. అది నాకిచ్చేశారు, అయిపోయింది. దాన్ని వెనక్కి అడగొద్దు."

ఆయన గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"ఇన్నేళ్ళూ ఊరందరికీ సరైన మూల పెట్టారు. నాకోసం ఒక్కటి తప్పుగా పెట్టారు. పోనివ్వండి." అని దర్జీ వదిన వైపు తిరిగింది. "కొయ్యి వదినా."

"అదేంటే..."

"కొయ్యమంటుంటే. రెండంగుళాలు తగ్గించి కొయ్యి, చిక్కిపోతాను. జేబులు మాత్రం తగ్గించకు."

దర్జీ వదిన కత్తెర తెరిచింది. బట్ట కోస్తున్నంతసేపూ ముగ్గురూ ఆ చప్పుడే విన్నారు.

రెండో మాత్ర ఒకటి వాడి చూశారు. అదీ అదే సీటుకి వేసే రుమాలే. నిలవలేదు. రేడియో అక్క కోటు పూర్తయిన రోజునుంచీ వేసుకుంది. ఇంకా ఎండలు మండుతున్నాయి, అయినా ఆవిడకి వణుకు. ఆసుపత్రి మంచం మీద కోటు వేసుకుని, లోతు జేబుల్లో చేతులు పెట్టుకుని, పక్కమంచం వాళ్ళ కోడలి సంగతి ఎదురుమంచం వాళ్ళకి చేరవేస్తుండేది. రెండంగుళాలు తగ్గించినా కోటు వదులైంది. "వదినకి లెక్కలు రావు" అనేది.

బాబాయ్ ల్యాబ్ నుంచి నేరుగా అక్కడికి వచ్చేవాడు. ఆవిడ చెప్పడం, ఆయన తలూపడం. ఒకరోజు ఆవిడ సగంలో ఆగి, "ఇప్పుడు నేనేం చెప్పాను?" అంది. ఆయన పొల్లుపోకుండా అప్పజెప్పాడు. పక్కమంచం కోడలి పుట్టింటి గొడవతో సహా. "అయితే ఇన్నాళ్ళూ వింటూనే ఉన్నారన్నమాట" అంది.

చలికాలం వచ్చింది. ఆవిడ దాని మొదలు చూసింది, చివర చూడలేదు.

తర్వాత బాబాయ్ పనిలోకి వచ్చినరోజు చేతిలో ఒక పొట్లం ఉంది. చలిగది తలుపు పక్కన మేకు మీది చిరుగుల కోటు తీసి మడతపెట్టి అటకమీద పెట్టాడు. ఆ మేకుకి నీలంకోటు తగిలించాడు. భుజాలు సరిచేశాడు. పొట్లం కట్టిన కాగితం చేతిలో పట్టుకుని కాసేపు అక్కడే నిలబడి, లోపలికి మాత్రం కోటు లేకుండానే వెళ్ళాడు.

ఇప్పుడు ప్రోటీన్లతో పనిబడి చలిగదిలోకి వెళ్ళే ప్రతివాళ్ళూ దాన్నే వేసుకుంటారు. పొడుగువాళ్ళకి చేతులు పొట్టి, లావువాళ్ళకి బొత్తాలు కలవవు. జేబులు మాత్రం అందరికీ సరిపోతాయి. ఒక బొత్తం వదులైతే ఎవరు కుట్టారో తెలియకుండా మర్నాటికి గట్టిపడి ఉంటుంది. మేడమ్ దాన్ని వేసుకునేటప్పుడు ఎప్పుడూ మెల్లిగా వేసుకుంటుంది. ఆ గుమ్మం ఇటుకని దాటి కూర్చోగల మాత్ర కూడా ఆ తర్వాత కొన్నేళ్ళకి వచ్చింది. దాన్ని మొదటిసారి ల్యాబ్‌లో పరీక్షించినప్పుడు ఫిల్మ్ మూల కోసింది బాబాయే. మచ్చలు అంచుదాకా వరసగా చెరిగిపోయాయి. ఆయన ముందు తెలిసినదాన్ని చూశాడు. తర్వాత తెలియనిదాన్ని. తర్వాత మళ్ళీ తెలిసినదాన్ని. "బాగుంది" అని ఫిల్మ్ మేడమ్‌కిచ్చి చలిగదిలోకి వెళ్ళాడు. చాలాసేపు బయటికి రాలేదు.

ఈ కథ ఆయన ఎదురుగానే ఒకసారి చెప్పడం జరిగింది. మధ్యాహ్నం, టీలు తాగే బల్ల దగ్గర, అందరూ ఉండగా. ఆయన తల ఎత్తకుండా ఫిల్మ్ డబ్బాలు తుడుస్తూ చివరిదాకా విన్నాడు. తుడిచిన గుడ్డ మడిచి పక్కన పెట్టాడు.

"అంతా కట్టుకథ" అన్నాడు. "నేను ప్రోటీన్‌ని తిట్టలేదు. ఫిల్మ్ ఏనాడూ తిరగెయ్యలేదు, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా. ఇంటికెళ్ళి ఎవరికీ ఏమీ చెప్పలేదు, వెనక్కి తీసుకోనూలేదు. మా ఆవిడ అసలు అంత మాట్లాడే మనిషే కాదు."

"మరి ఆ కోటు బాబాయ్?" అన్నారెవరో.

ఆయన చలిగది తలుపు వైపు చూడలేదు.

"ఆ కోటు ల్యాబ్‌ది. మొదట్నుంచీ అక్కడే ఉంది."